స్కోర్ షీట్‌లో గడి లేని పాస్

శనివారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున్నుంచి ఒకటే ముసురు. ఉతికిన బట్టలు వరండాలో తీగ మీదే ఉన్నాయి. ఆయన ఊరెళ్లారు కాబట్టి వంట పెద్దగా పెట్టుకోలేదు, నేనూ చిన్నదీ ఉప్మాతో కానిచ్చేశాం. అది నిన్నటి నుంచి ముభావంగానే ఉంది.

నిన్న వాళ్ల బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి స్కోర్ షీట్ రాసింది నేనే. కాలేజీలో ఆడినదాన్ని కదా అని టేబుల్ దగ్గర కూర్చోబెట్టారు. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరికి ఎన్ని ఫౌల్స్ పడ్డాయి, ఎవరు ఎప్పుడు టైమవుట్ తీసుకున్నారు, ఇవే అందులో రాసేది. పాస్‌కి గడి లేదు. చిన్నదాని లెక్క 2 పాయింట్లని నా చేత్తోనే తేల్చాను. మ్యాచ్ అయ్యాక ఒకాయన "మీ అమ్మాయి ఇవాళ అసలు ఆడలేదేంటండీ?" అన్నారు. ఆ మాట దాని చెవిన పడింది.

ఆడకపోవడమేమిటి? ఎదురుగా కూర్చుని చూసిందాన్ని నేను. బంతి పక్కమ్మాయికి ఇచ్చేసి అక్కడే నిలబడిపోకుండా రింగ్ వైపు పరుగు తీసేది. దాన్ని కాస్తున్న పిల్లతో పాటు ఇంకో పిల్ల కూడా అటే తిరిగేది. ఆ ఖాళీలోకి దాని జట్టులోని పొడుగమ్మాయి దర్జాగా వెళ్లి బాస్కెట్ వేసింది, అలా నాలుగుసార్లు. ఆ ఎనిమిది పాయింట్లూ పొడుగమ్మాయి నంబరు మీదే రాశాను. రాయాల్సిందీ అలాగే. అయినా రాస్తున్నప్పుడు మనసు చివుక్కుమంది.

ఇవన్నీ నేను చెబితే అమ్మ కాబట్టి అంటోంది అనుకుంటుంది. అందుకే సాయంత్రం టీవీలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2014 ఫైనల్స్ మూడో మ్యాచ్ పెట్టాను, శాన్ ఆంటోనియో స్పర్స్‌కీ మయామి హీట్‌కీ జరిగింది. ముందు 2013 సంగతి చెప్పాలి కదా, చెప్పాను. ఇవే రెండు జట్లు, ఆరో మ్యాచ్. అర నిమిషం కూడా లేదు, స్పర్స్ 5 పాయింట్లు ముందున్నారు. ఆ తేడా మూడుకి తగ్గాక, 5.2 సెకన్లు మిగిలి ఉండగా మయామి ఆటగాడు రే అలెన్ కార్నర్ నుంచి మూడు పాయింట్ల షాట్ కొట్టి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో స్పర్స్‌కి ఆ మ్యాచ్ పోయింది, తర్వాత ఏడోదీ, దాంతో టైటిలూ పోయాయి. చేతికొచ్చిన ముద్ద నోటికందలేదు. అలాంటి ఓటమి తర్వాత దాదాపు అదే జట్టు ఒకరినొకరు తప్పు పట్టుకోకుండా ఏడాది తిరిగేసరికి మళ్లీ అక్కడికే వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ 2014 మ్యాచ్ మొదటి సగంలో స్పర్స్ 33 షాట్లకు 25 వేశారు. మొత్తం 71 పాయింట్లు, అదీ మయామిలో. "గురి బాగా కుదిరిందమ్మా వాళ్లకి" అంది చిన్నది. గురి సరే, ఆ షాట్లు ఎంత ఖాళీగా ఉన్నప్పుడు వేశారో చూడమని ఆపి ఆపి చూపించాను. టిమ్ డంకన్ స్క్రీన్ పెడతాడు, అంటే పార్కర్‌ని కాస్తున్నవాడికి అడ్డంగా నిలబడతాడు. టోనీ పార్కర్ దాన్ని ఆనుకుని లోపలికి దూసుకెళ్తాడు. ఇద్దరు అతని మీదకొస్తారు. బంతి బయట ఉన్న బోరిస్ డియావ్ చేతికి వస్తుంది. అతనికీ షాట్ ఉంది, కానీ కార్నర్‌లో డానీ గ్రీన్ ఇంకా ఖాళీగా ఉన్నాడు, అంతే, బంతి అక్కడికి వెళ్లిపోతుంది. బంతి అందిన అర సెకనులో షాటో పాసో, బంతితో రింగ్ వైపు దూసుకెళ్లే డ్రైవో తేల్చుకోవాలన్నది కోచ్ పోపోవిచ్ వాళ్లకు నేర్పిన పద్ధతి. అర సెకను దాటితే డిఫెన్స్ సర్దుకుంటుంది. అంటే బంతి రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. ఆటలో బుర్ర అంటే నా లెక్కలో ఇదే.

గ్రీన్ వేస్తే అసిస్టు, అంటే బాస్కెట్‌కి దారి తీసిన ఆఖరి పాస్ లెక్క, డియావ్‌ది. ఇద్దరిని తన మీదకు లాగిన పార్కర్‌కి గానీ, ఒళ్లు అడ్డం పెట్టిన డంకన్‌కి గానీ ఆటగాళ్ల అంకెలన్నీ ఉండే మామూలు బాక్స్ స్కోర్‌లో ఏమీ పడదు.

డియావ్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. షార్లెట్ జట్టు 2012లో వదిలేసుకున్న మనిషి. పెద్దగా ఎగరడు, పరుగూ అంతంతే. ఈ మూడో మ్యాచ్ నుంచే అతన్ని మొదటి అయిదుగురిలోకి తెచ్చారు. తర్వాతి మ్యాచ్‌లో అతని లెక్క 8 పాయింట్లు, 9 రీబౌండ్లు (గురి తప్పిన షాట్ల బంతి అందుకోవడం), 9 అసిస్టులు. స్పర్స్ 21 తేడాతో గెలిచారు, సిరీస్ 4-1తో ముగించారు. ఆ సీజన్‌లో 62 మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టులో సగటున 30 నిమిషాలు ఆడినవాడు ఒక్కడూ లేడు. జినోబిలి అంతటి పేరున్న ఆటగాడు కూడా మొదట బెంచ్ మీద కూర్చుని తర్వాత ఆటలోకి వచ్చేవాడు.

ఇదంతా చిన్నదానికి ఎంత ఎక్కిందో తెలియలేదు. మూడో క్వార్టర్‌లో రిమోట్ నా చేతిలోంచి తీసుకుని వెనక్కి తిప్పింది. టీవీ దగ్గరికెళ్లి, బంతి లేకుండా అవతలి వైపుకి పరిగెత్తుతున్న ఒకతని మీద వేలు పెట్టింది.

"ఇతను కదలకపోతే ఆ దారే ఉండేది కాదు కదమ్మా?"

"ఉండేది కాదే" అన్నాను. ఇంకో రెండుసార్లు తిప్పి చూసింది. తర్వాత పెరుగన్నం కలపమంది, రెండోసారి కూడా వేయించుకుంది.

మంగళవారం మళ్లీ మ్యాచ్. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను, దాని సాక్సు పిండితే ఇంకా నీళ్లు కారుతున్నాయి. లోపల ఫ్యాను కింద కుర్చీ మీద ఆరేశాను.