దుబాయ్‌లో తిరిగొచ్చింది 201 దిర్హాములు, శంషాబాద్‌లో కట్టింది 28 వేలు: నా అనుభవం

"వ్యాట్ రిఫండ్ తీసుకున్నాం కదా, ఆ కాగితం చూపిస్తే ఇక్కడ ఇంకేమీ అడగరు." దుబాయ్ వెళ్ళొచ్చేవాళ్ళలో ఈ మాట అననివాళ్ళు తక్కువ. నిజానికి ఈ రెంటికీ పొంతన లేదు. అక్కడ వెనక్కిచ్చేది వాళ్ళ పన్ను, వస్తువు వాళ్ళ దేశం దాటిపోతోంది గనక. ఇక్కడ పట్టేది మన సుంకం, అదే వస్తువు మన దేశంలోకి వస్తోంది గనక. పైగా ఆ రిఫండ్ రసీదు ఏం చెబుతుంది? ఫలానా వస్తువు, ఫలానా తేదీన, ఫలానా ధరకి, ఫలానా పాస్‌పోర్టు మీద విదేశంలో కొన్నారని చెబుతుంది. మనకి మినహాయింపు తెచ్చే కాగితం కాదు, మన మీద సాక్ష్యం చెప్పే కాగితం.

నేను 2025 డిసెంబరులో ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ 256 జీబీ తెచ్చుకున్నాను. అక్కడి ధర 5,099 దిర్హాములు. కథంతా ఈ ఒక్క ఫోన్ మీదే చెబుతాను, అంకెలు కళ్ళకి కడతాయి.

ముందు అక్కడి లెక్క. యూఏఈలో వ్యాట్ 5 శాతం, అది ధరలోనే కలిసి ఉంటుంది. అంటే 5,099ని 105తో భాగించి 5తో హెచ్చవేయాలి. 242 దిర్హాముల 81 ఫిల్సులు (నూరు ఫిల్సులు ఒక దిర్హాము) వస్తుంది. అదంతా మన చేతికి రాదు. అందులో 85 శాతమే ఇస్తారు, అందులోంచి ఒక్కో లావాదేవీకి 4 దిర్హాముల 80 ఫిల్సులు రుసుము కోస్తారు. చివరికి మిగిలేది 201 దిర్హాముల 59 ఫిల్సులు. దిర్హాము 24 రూపాయలు వేసుకుంటే 4,838 రూపాయలు.

ఆ 4.80 చిన్నదే అనిపిస్తుంది గానీ చిన్న బిల్లుల్ని అదే తినేస్తుంది. రిఫండ్‌కి ఒక్కో బిల్లు కనీసం 250 దిర్హాములు ఉండాలి. సరిగ్గా 250కి కొంటే అందులో వ్యాట్ 11.90, దానిలో 85 శాతం 10.12, రుసుము పోను చేతికి వచ్చేది 5.32. ఆ ఐదు దిర్హాముల కోసం విమానాశ్రయంలో క్యూలో నిలబడాలి. ఒకే షాపులో నాలుగు వస్తువులు తీసుకుంటుంటే అన్నీ ఒకే బిల్లులో వేయమని అడగండి. వేర్వేరు షాపుల బిల్లులు కలిపి 250 చేస్తామంటే కుదరదు.

షాపులో డబ్బు కట్టేటప్పుడే పాస్‌పోర్టు ఇచ్చి, ట్యాక్స్-ఫ్రీ కావాలని చెప్పాలి. కట్టేశాక గుర్తొచ్చి వెనక్కి వెళితే మళ్ళీ బిల్లు చేయడానికి షాపువాళ్ళు విసుక్కుంటారు, కొందరు చేయరు. ఆ షాపు ఈ వ్యాట్ రిఫండ్ పథకంలో చేరి ఉండాలి. మీకు 18 ఏళ్ళు నిండి ఉండాలి, యూఏఈలో నివాసం ఉండకూడదు. అక్కడ ఉద్యోగం చేసే బావమరిది రెసిడెన్స్ వీసా మీద ఈ రిఫండ్ రాదు. ఆయన కొని మీకిచ్చిన వస్తువుకీ రాదు, ఎందుకంటే లావాదేవీ మీ పాస్‌పోర్టు మీద లేదు. వస్తువు మార్చుకుంటే పాత లావాదేవీ రద్దు చేయించి కొత్తది చేయించుకోవాలి, లేకపోతే తనిఖీలో బిల్లు ఒకటి, డబ్బా ఒకటి అవుతుంది.

ఇక్కడే ఒక నిర్ణయం ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఎవరి పాస్‌పోర్టు ఇవ్వాలి? మన కస్టమ్స్‌లో సుంకం లేని పరిమితి మనిషికి ఇంత అని ఉంటుంది. దాన్ని మరొకరి పరిమితితో కలపడానికి లేదు. లక్షా ఇరవై వేల ఫోన్‌ని "సగం నాది, సగం మా ఆవిడది" అంటే చెల్లదు. కానీ 40 వేల వాచీ, 45 వేల టాబ్లెట్ తెస్తుంటే, వాచీ ఒకరి పాస్‌పోర్టు మీద, టాబ్లెట్ మరొకరి పాస్‌పోర్టు మీద బిల్లు అయితే ఎవరిది వాళ్ళ పరిమితిలో ఇమిడిపోతుంది. రెండూ మీ ఒక్కరి పేరు మీదే రిఫండ్ చేయించి, శంషాబాద్‌లో దిగాక "ఇది ఆవిడది" అంటే మీ రిఫండ్ కాగితమే మీ మాట కాదంటుంది. అంటే శంషాబాద్ లెక్క తేలేది దుబాయ్ షాపు కౌంటర్ దగ్గర. మేము ఇద్దరం వెళ్ళాం, రెండు పాస్‌పోర్టులూ నా జేబులోనే ఉన్నాయి, అన్నిటికీ పైనున్న నాదే తీసి ఇచ్చాను. ఫోన్ ఒక్కటే కాబట్టి తేడా పడలేదు.

కొన్న 90 రోజుల్లోపు వస్తువుని మనమే వెంట తీసుకుని దేశం దాటాలి. కార్గోలో ముందే పంపించేస్తే రాదు.

దుబాయ్ విమానాశ్రయంలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఒకే చోట, వరస తప్పడంలో. ముందు రిఫండ్ తనిఖీ, ఆ తరవాతే చెక్-ఇన్. పెట్టె బెల్టు మీద వెళ్ళిపోయాక వస్తువు చూపించమంటే చూపించలేం, చూపించలేకపోతే రిఫండ్ పోయినట్టే. రిఫండ్ నడిపే సంస్థ ప్లానెట్, ఆ పేరున్న బోర్డు వెతకండి. మెషీన్‌లో పాస్‌పోర్టు పెట్టగానే మన లావాదేవీలు తెర మీద వస్తాయి. చాలామందికి అక్కడితోనే అయిపోతుంది. నాకు కౌంటర్‌కి వెళ్ళమని వచ్చింది. అక్కడి మనిషి డబ్బా తీసుకుని వెనక అట్ట మీది ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) చివరి అంకెల్ని బిల్లు మీది అంకెలతో వేలు పెట్టి పోల్చి చూసి, సరేనని ఇచ్చేశాడు. ఫోన్ పెద్ద పెట్టెలో బట్టల కింద ఉండి ఉంటే అక్కడే నేల మీద పెట్టె విప్పాల్సొచ్చేది. ఖరీదైనవి చేతిసంచిలో, పైకి అందేలా పెట్టుకోవడం రెండు ఊళ్ళలోనూ పనికొస్తుంది.

డబ్బు చేతికిస్తామన్నా, కార్డులో వేస్తామన్నా ఎంచుకోవచ్చు. కార్డు అయితే దిర్హాముల నుంచి రూపాయలకి మారే దగ్గర బ్యాంకు తన వాటా తీసుకుంటుంది. నేను నగదే తీసుకున్నాను, అక్కడే కాఫీకీ ఖర్జూరాలకీ సగం అయిపోయింది.

ఇక శంషాబాద్. నేను వచ్చేనాటికి 2016 బ్యాగేజీ నిబంధనలు నడుస్తున్నాయి. మనిషికి 50,000 రూపాయల దాకా సుంకం లేదు. 2026 ఫిబ్రవరి 2 నుంచి కొత్త నిబంధనలు వచ్చి ఇది 75,000 అయింది. నా లెక్క పాత పరిమితితో చదువుకోండి.

విమానం ఎక్కకముందే సీబీఐసీ (కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు) వాళ్ళ అతిథి యాప్‌లో డిక్లరేషన్ నింపుకోవచ్చు, లేదంటే దిగాక కాగితం మీద నింపవచ్చు. పరిమితి దాటిన వస్తువు ఉంటే రెడ్ చానెల్‌లోకి, అంటే సుంకం కట్టేవాళ్ళ దారిలోకి వెళ్ళాలి. గ్రీన్ చానెల్‌లో నడవడం అంటేనే "నా దగ్గర సుంకం కట్టాల్సింది ఏమీ లేదు" అని నోటితో చెప్పినట్టు. అక్కడ ఆపి తీస్తే సుంకంతో పోదు, వస్తువు పట్టుకుంటారు, జరిమానా కట్టి విడిపించుకోవాలి. బెల్టు మీద పెట్టె వచ్చేసరికే దాని మీద చాక్‌పీసు గీత కనిపిస్తే, స్కానర్‌లో ఏదో కంటపడిందని అర్థం. ఆ గీత తుడిచేయడం మాత్రం తెలివైన పని కాదు.

రెడ్ చానెల్ కౌంటర్‌లో అడిగినవి పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్, బిల్లు. ఎన్ని రోజులు ఉన్నారు, ఇంకేమన్నా కొన్నారా అని రెండు ప్రశ్నలు. తరవాత అధికారి వేసిన లెక్క ఇది. బిల్లు ధరని కస్టమ్స్ నోటిఫై చేసిన మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చారు. మన ఫోన్‌లో గూగుల్ చూపించే రేటు అక్కడ చెల్లదు. నేను పైసలు వదిలేసి 24 రూపాయలతోనే చూపిస్తాను. 5,099ని 24తో హెచ్చవేస్తే 1,22,376. అందులో 50,000 తీసేస్తే 72,376. దాని మీద 38.5 శాతం. ఈ వింత అంకె ఎక్కడిదంటే, మూల సుంకం 35 శాతం, ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, అంటే మరో 3.5. మొత్తం 27,865 రూపాయలు. కార్డుతో కట్టాను, బ్యాగేజీ రసీదు చేతికిచ్చారు.

ఆ రసీదుని పారేయకండి. రేపు అదే ఫోన్‌తో మళ్ళీ విదేశం వెళ్ళొస్తే, దీనికి సుంకం కట్టానని చూపించడానికి ఉన్న ఆధారం అదొక్కటే. ఇంటి నుంచి ఖరీదైన కెమెరా, నగలు వేసుకుని వెళ్ళేవాళ్ళు వెళ్ళేరోజే కస్టమ్స్ కౌంటర్‌లో ఎగుమతి సర్టిఫికెట్ రాయించుకోవాలి, కారణం ఇదే.

కట్టి బయటికొచ్చాక తట్టిన సంగతి ఒకటి. బిల్లులో వ్యాట్ వేరుగా ఉంది, అందులో చాలా భాగం వెనక్కి వచ్చినట్టు రసీదు ఉంది. వ్యాట్ తీసేసిన 4,856 దిర్హాముల మీద లెక్క వేయమని అడిగి ఉండాల్సింది. ఒప్పుకుంటే 2,200 పైచిలుకు తగ్గేది. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అధికారి చేతిలో ఉంది. అడగాలంటే మాత్రం వ్యాట్ విడిగా కనపడే బిల్లు, రిఫండ్ రసీదు రెండూ ఉండాలి. తక్కువ ధరకి బిల్లు రాయించుకురావడం మాత్రం వద్దు. అసలు ధర చూసుకోవడానికి వాళ్ళకి అర నిమిషం పట్టదు, ఆ తరవాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మరు.

ఇప్పుడు అన్నీ కూడండి. ఫోన్ 1,22,376, రిఫండ్ 4,838 పోగా, సుంకం 27,865 కలిపితే 1,45,403. అదే ఫోన్ ఇక్కడి ధర 1,49,900. మిగిలింది 4,497. కార్డుకి 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ డబ్బులో కొంటే బ్యాంకు వేసే అదనపు రుసుము) ఉంటే అది 4,283, దాని మీద జీఎస్టీ 18 శాతం మరో 771. మొత్తం 5,054. అంటే ఆ కార్డుతో కొని ఉంటే చేతిచమురు వదిలేది. నా కార్డుకి మార్కప్ లేదు గనక బతికిపోయాను. ఇంకో మాట, యూఏఈలో అమ్మే ఐఫోన్ 17లో సిమ్ పెట్టే అర లేదు, అంతా ఈ-సిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. మన సిమ్ కార్డుని ఈ-సిమ్‌గా మార్పించుకోవడం మరో పూట పని. కొత్త 75,000 పరిమితి, అదే 38.5 శాతం వేసుకుంటే సుంకం 18,240 అవుతుంది, అప్పుడు దాదాపు 14 వేలు మిగులుతుంది. వెళ్ళేముందు ఆనాటి రేటు చూసుకుని ఈ లెక్క ఒకసారి కట్టుకోండి.

నన్నడిగితే రెండు వైపులా కలిసొచ్చేది లాప్‌టాప్. 18 ఏళ్ళు నిండినవాళ్ళకి ఒక లాప్‌టాప్ ఆ పరిమితితో పని లేకుండా సుంకం లేకుండా వస్తుంది, అక్కడ వ్యాట్ రిఫండూ వస్తుంది. టాబ్లెట్‌ని లాప్‌టాప్ అని చెప్పకండి. టీవీ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. నేను వచ్చినప్పటి నిబంధనల్లో ఫ్లాట్ టీవీకి పరిమితి వర్తించదు, మొదటి రూపాయి నుంచీ సుంకమే.

బంగారం దగ్గర అపోహ మరీ ఎక్కువ. ఆడవాళ్ళకి 40 గ్రాములు, మగవాళ్ళకి 20 గ్రాములు అని అందరూ చెబుతారు. ఆ గ్రాములు ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్ళకి. వారం రోజులు దుబాయ్ బంగారం బజారు డేరా గోల్డ్ సూక్ చూసొచ్చినవాళ్ళకి కాదు. బిస్కెట్లు, నాణేలు అయితే మామూలు పరిమితిలోకి కూడా రావు. గొలుసు మీద వచ్చే 4 శాతం రిఫండ్ చూసి మురిసిపోయి ఇక్కడ 38.5 శాతం కట్టినవాళ్ళు ఉన్నారు.

సింగపూర్ నుంచి వచ్చేవాళ్ళకి వరస కొంచెం వేరు. అక్కడ జీఎస్టీ 9 శాతం, కొనుగోలు కనీసం 100 సింగపూర్ డాలర్లు ఉండాలి, ఒకే షాపులో ఒకే రోజు చేసిన మూడు బిల్లుల దాకా కలపనిస్తారు. రెండు నెలల్లోపు దేశం దాటాలి. అక్కడి ఛాంగీ విమానాశ్రయంలో పెట్టెలో వేసే వస్తువులకి చెక్-ఇన్‌కి ముందున్న మెషీన్లు, చేతిసంచిలో ఉన్నవాటికి ఇమ్మిగ్రేషన్ దాటాక ఉన్నవి. యూరప్‌లో రెండు మూడు దేశాలు తిరిగితే ఏ దేశంలో కొన్నా, కస్టమ్స్ ముద్ర పడాల్సింది యూరోపియన్ యూనియన్ వదిలే చివరి విమానాశ్రయంలో. పారిస్‌లో కొని ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వస్తూ, వస్తువున్న పెట్టెని పారిస్‌లోనే హైదరాబాద్ దాకా ఎక్కించేస్తుంటే మాత్రం పారిస్‌లోనే, పెట్టె ఇవ్వకముందే చేయించుకోవాలి.

సుంకం విని గుండె ఆగినంత పనైతే, నిజాయితీగా డిక్లేర్ చేసిన వస్తువుకి ఇంకో దారి ఉంది. కట్టకుండా కస్టమ్స్ దగ్గరే ఉంచి, రసీదు తీసుకుని, తిరిగి విదేశం వెళ్ళేటప్పుడు పట్టుకుపోవచ్చు. కస్టమ్స్ చట్టం 80వ సెక్షన్ దీనికే ఉంది. ఆ రసీదు అడిగి తీసుకోండి, మళ్ళీ వెళ్ళేరోజు రెండు గంటలు ముందుగా చేరండి.