కాలి పుండుకి కంఠసర్పి పరీక్షా?

మొదట అది దోమకాటు. గోకాను, రేగింది, చీము పట్టింది. వీధి చివర క్లినిక్‌లో ఆయింట్‌మెంటు రాశారు. ఇంకోచోట షుగర్ టెస్టు చేయించారు. షుగర్ లేదు. నెల తిరిగినా పుండు మానలేదు.

చీలమండకి కాస్త పైన, రూపాయి బిళ్లంత. అంచులు పంచింగ్ మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా. మధ్యలో బూడిదరంగు పొర. దూదితో తుడిస్తే పోదు, లాగితే రక్తం.

చీము పరీక్షలో స్టాఫ్ (స్టాఫిలోకాకస్) అనే బాక్టీరియా అని వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో 'డిఫ్తీరాయిడ్స్, చర్మం మీద మామూలుగా ఉండేవే' అని ఇంకో లైను. నేను చదివి వదిలేశాను. అమీర్‌పేటలో చూపించుకున్న స్కిన్ డాక్టరుగారు సరిగ్గా అక్కడే ఆగారు. "ఈ డిఫ్తీరాయిడ్స్ డిఫ్తీరియా క్రిమికి దగ్గరి చుట్టాలు. ఇది డిఫ్తీరియా, అంటే కంఠసర్పి, కావచ్చమ్మా. మనం అడిగితే తప్ప ల్యాబ్‌వాళ్లు దానికోసం వెతకరు" అంటూ దూదిపుల్లతో పుండు నుంచి మళ్లీ స్వాబ్ తీసి, టెల్యూరైట్ మీడియా అనే క్రిములు పెంచే పదార్థం మీద పెంచమని చీటీలో రాశారు. దాని మీద ఆ క్రిమి నల్లగా పెరుగుతుందట.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య నమ్మలేదు. "కంఠసర్పి అంటే గొంతుకి కదమ్మా! నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి తీసుకెళ్లేవాళ్లు. కాలికి రావడమేంటి?" పేరులోనే కంఠం ఉంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి.

రిపోర్టు పాజిటివ్. అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది, నా గురించి కాదు. చర్మం మీద ఉంటే దాని విషం ఒంట్లోకి ఎక్కడం అరుదట. కానీ పుండు తాకిన చేతి నుంచి ఇంకొకరి గొంతులోకి చేరితే అది అసలు కంఠసర్పే. మా బాబు రోజూ నా పక్కనే పడుకుంటాడు. వాడికి అయిదేళ్లప్పుడు వేయించాల్సిన డిఫ్తీరియా టీకా బూస్టర్ మేం వేయించనేలేదు.

ఆ క్రిమి విషం తయారుచేసే రకమో కాదో తేల్చే టెస్టుకి శాంపిల్ వేరే ల్యాబ్‌కి వెళ్లింది. అది వచ్చేదాకా ఆగకుండా ఇంట్లో అందరి గొంతుల్లోంచీ స్వాబ్‌లు తీసి, మందులు మొదలుపెట్టారు. నాకు 14 రోజులు ఎరిత్రోమైసిన్. కడుపులో వికారం, ఏం తిన్నా చేదు. దెబ్బ తగిలినప్పుడల్లా టీటీ వేయించుకున్నాను కదా అంటే డాక్టరుగారు నవ్వారు. టీటీ ఒక్క ధనుర్వాతానికే. డిఫ్తీరియా కూడా కలిసినది టీడీ. అది వేశారు. బాబుకి బూస్టర్ కూడా అయింది.

కోర్సు అయ్యాక ఒకరోజు తేడాతో రెండు స్వాబ్‌లు తీశారు. రెండూ నెగటివ్. పుండు మానడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. అత్తయ్య మాత్రం ఇప్పటికీ బాబుని 'ఆ' అనమని టార్చి వేసి గొంతు చూస్తూనే ఉన్నారు.