మొదటి పేజీ పేరు చెప్పి లోపలి పేజీ చదవడం

పర్లాకిమిడిలోని మా తెలుగు కుటుంబాల పాత కాగితాలను నేను ఒక మీడియావికీలో (వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్‌తో పెట్టుకున్న సొంత వికీలో) భద్రపరుస్తున్నాను. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం కాకముందు ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, ఆనాటి క్రయదస్తావేజులు, పంపకాల కాగితాలు చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. కొన్ని భూములపై నేటికీ తగవులు నడుస్తున్నందున, లాగిన్ అయినవారే చదివేలా వికీని మూసి, పరిచయం కోసం మొదటి పేజీని మాత్రం అందరికీ తెరచి ఉంచాను. 2021 డిసెంబరులో మీడియావికీలో బయటపడిన భద్రతా లోపం సరిగ్గా ఇటువంటి అమరిక ఉన్న వికీలకే ముప్పు తెచ్చింది.

మీడియావికీలో ప్రతి మార్పుకూ ఒక కూర్పు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యలు వికీ మొత్తానికీ ఒకే వరుసలో నడుస్తాయి. దిద్దుబాటును రద్దుచేసే లింకులో పేజీ పేరు, కూర్పు సంఖ్యలు రెండూ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అనుమతిని పేజీ పేరును బట్టి చూసి, పాఠ్యాన్ని కూర్పు సంఖ్యను బట్టి తెచ్చేది. ఆ కూర్పు ఆ పేజీదేనా అని సరిచూసేది కాదు. అందువల్ల లాగిన్ కాని మనిషి మొదటి పేజీ పేరు పక్కన వేరొక పేజీ కూర్పు సంఖ్యలు చేర్చితే, ఒకరి రేషన్ కార్డు చూపి మరొకరి సంచి మోసుకుపోయినట్టు, దాచిన పాఠ్యం చేతికి చిక్కేది. సంఖ్యలను ఊహించనక్కరలేదు, 1 నుంచి లెక్కపెట్టుకుంటూ పోతే చాలు.

భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ గుర్తింపు సంఖ్యల్లో ఇది సీవీఈ-2021-44858. దీనితోపాటు, రోల్‌బ్యాక్ (మార్పులను ఒక్కసారిగా వెనక్కి తిప్పే సదుపాయం) ద్వారా దాచిన పేజీలను చదవనిచ్చే 45038ను, హక్కు లేని పేజీలో పాఠ్యాన్ని మార్చనిచ్చే 44857ను కూడా 1.35.5, 1.36.3, 1.37.1 వెర్షన్లలో సరిచేశారు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది చివరిదే: భూమి హద్దుల వివరం ఎవరైనా మార్చితే పేజీ మార్పుల చరిత్రలో కనిపిస్తుంది, నిజమే, కాని ఆ చరిత్రను తెరచి చూసేవారెందరు?

వెంటనే వెర్షన్ మార్చుకోలేనివారు, లాగిన్ లేకుండా చదవగల పేజీల జాబితాను ఖాళీచేసి, దిద్దుబాటును రద్దుచేసే ఎంసీఆర్‌అన్‌డూ, పాత కూర్పును తిరిగి తెచ్చే ఎంసీఆర్‌రిస్టోర్ అనే చర్యలను నిలిపివేయాలని ఆనాడు సూచించారు. సాధారణ వికీలో ఈ రెండు చర్యల అవసరమే రాదు కాబట్టి, సర్వర్ లాగ్‌లో (సర్వర్‌కు వచ్చిన అభ్యర్థనల చిట్టాలో) వాటి పేర్లు కనిపిస్తే అనుమానించవలసిందే.

వెర్షన్ మార్చిన తరువాత కూడా నేను ఆ జాబితాను ఖాళీగానే ఉంచి, పరిచయాన్ని వికీకి బయట ఒక మామూలు పేజీలో పెట్టాను. స్కాన్ చేసిన బొమ్మల సంగతి వేరు: ప్రత్యేకంగా అమర్చుకోకపోతే వాటిని వికీతో నిమిత్తం లేకుండా వెబ్ సర్వరే నేరుగా అందిస్తుంది, చిరునామా తెలిసినవారెవరైనా తెరవగలరు. అందుచేత తగవులో ఉన్న దస్తావేజుల స్కాన్లను వికీలోకి ఎక్కించడం మానివేశాను.