కరెంటు వచ్చినా తెరుచుకోని డిస్కు

ఈ రోజు తెల్లవారుజామున రాజమండ్రిలో ఈదురుగాలులతో వాన పడి చాలాసేపు కరెంటు పోయిందట. యూపీఎస్ బ్యాటరీ పావుగంటకు మించి నిలవదు కాబట్టి, అమ్మ ఇంట్లో ముందుగది అలమారాలో నేను పెట్టిన చిన్న సర్వరు ఆగిపోయి, కరెంటు వచ్చాక తనంతట తానే మొదలై, ఎప్పటిలాగే సగం దారిలో ఆగి, డిస్కు తాళం తీసే పాస్‌ఫ్రేజ్ (పొడవైన పాస్‌వర్డ్) కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నేను హైదరాబాదులో ఆఫీసుకు బయలుదేరుతుండగా అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, టీవీలో ఫొటోలు రావడం లేదురా, ఆ పెట్టె మీద లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, మళ్ళీ నువ్వే ఏదో చెయ్యాలేమో చూడు" అంది. ఆ పెట్టెకు మానిటరూ లేదు, కీబోర్డూ లేదు. ఏం చేసినా ఇక్కడి నుంచే చేయాలి.

అందులో ఉన్నవి పెద్ద రహస్యాలేమీ కావు. నాన్నగారి గొంతు రికార్డింగులు, పాత ఫొటోల స్కాన్లు, పొలం పాసుపుస్తకాలు, ఆధార్, పాన్ కాపీలు, అమ్మ వైద్య పరీక్షల రిపోర్టులు, అంతే. వీటి కోసం డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలా, అంటే తాళంచెవి లేనివాళ్ళు చదవలేని రూపంలోకి మార్చాలా అని అక్క చాలాసార్లు అడిగింది. దొంగలు వచ్చి అలమారాలోని హార్డ్‌డిస్కు ఎత్తుకుపోతారని నేనూ అనుకోను. నా భయమంతా మరమ్మతు గురించే. వారంటీలో ఉన్న డిస్కు చెడిపోతే కొత్తది ఇచ్చేవాళ్ళు పాతదాన్ని తీసేసుకుంటారు. పనిచేయడమే మానేసిన డిస్కులోని ఫైళ్ళను చెరిపి ఇవ్వడం మన చేతిలో ఉండదు గానీ, సరైన సామగ్రి ఉన్నవాళ్ళు వాటిని బయటికి తీసే అవకాశం మాత్రం ఉంటుంది. మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే అటువంటి డిస్కును నిశ్చింతగా కొరియరులో పంపేయవచ్చు. ఆ నిశ్చింత కావాలంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు తాళం తీయక తప్పదు.

ఆఫీసుకు చేరి, పని మొదలుకాకముందే నా సొంత ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపాను. ఫోన్‌లోనే చేయవచ్చు గానీ, ఫోన్ కీబోర్డుకు మనం కొట్టే మాటలను నేర్చుకునే అలవాటు ఉంది గనుక దానికి పాస్‌ఫ్రేజ్ చూపించడం నాకు ఇష్టం ఉండదు. ముందు రాజమండ్రి రౌటరులోని వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకున్న రహస్య దారి) ద్వారా ఇంటి నెట్‌వర్కులోకి వెళ్ళి, అక్కడి నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి ఆదేశాలు కొట్టే పద్ధతితో, సర్వరును పట్టుకోవాలి. వైర్‌గార్డ్‌ను సర్వరులో కాక రౌటరులో పెట్టడానికి కారణం ఉంది: ఆ సమయానికి సర్వరులో అసలు సిస్టమ్ ఇంకా లేవనే లేదు. డెబియన్ అనే లినక్స్‌ను ఎన్‌క్రిప్షన్‌తో మామూలుగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు, బూట్‌కు (యంత్రం లేవడానికి) కావలసిన విభాగాలు మాత్రమే తాళం లేకుండా ఉంటాయి. గ్రబ్ అనే ప్రారంభ ప్రోగ్రామ్ వాటిలోంచి సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌ను, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే తాత్కాలిక సరంజామాను మెమరీలోకి ఎక్కిస్తుంది. మిగిలినదంతా తాళం వేసిన డిస్కులో ఉంటుంది. ఆ తాత్కాలిక సరంజామాలోనే డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వరును చేర్చి ఉంచాను. అక్కడ వైఫై పనిచేయదు కాబట్టి రౌటరు నుంచి కేబుల్ లాగాల్సి వచ్చింది. అసలు సిస్టమ్‌కూ, డ్రాప్‌బేర్‌కూ వేర్వేరు పోర్టులు, వేర్వేరు హోస్ట్ కీలు (యంత్రాన్ని గుర్తుపట్టడానికి వాడే కీలు) ఇచ్చాను. లేకపోతే కలిసిన ప్రతిసారీ ఎస్‌ఎస్‌హెచ్ అనుమానపడి ఎర్రజెండా ఎత్తుతుంది.

లోపలికి వెళ్ళి క్రిప్ట్‌రూట్-అన్‌లాక్ అని కొట్టగానే, ఎస్‌డీఏ3_క్రిప్ట్ డిస్కును తెరవమని ఒక వరుస కనిపించింది. పాస్‌ఫ్రేజ్ కొడుతున్నంతసేపూ తెర మీద చుక్క కూడా పడదు, కర్సరు కదలదు. ఎంటర్ నొక్కాక రెండు మూడు క్షణాల నిశ్శబ్దం, ఆపైన విజయవంతంగా సిద్ధమైందన్న ముక్క, ఆ వెంటనే కనెక్షన్ తెగిపోవడం. కొత్తవాళ్ళు ఆ తెగడం చూసి కంగారు పడతారు గానీ అది శుభశకునమే. డిస్కు తెరుచుకుని అసలు సిస్టమ్ లేస్తోంది కాబట్టి డ్రాప్‌బేర్ తప్పుకుంది. టీ తాగి వచ్చేసరికి అమ్మ నుంచి వాట్సాప్‌లో "వచ్చాయి" అని సందేశం ఉంది.

ఆ రెండు మూడు క్షణాల ఆలస్యం యంత్రం పాతదై జరిగేది కాదు, కావాలని పెట్టినది. నేను కొట్టే పాస్‌ఫ్రేజ్‌తో డిస్కు ఎన్‌క్రిప్ట్ కాలేదు. డిస్కుకు అసలు తాళంచెవి యంత్రమే యాదృచ్ఛికంగా పుట్టించిన 64 బైట్ల సంఖ్య. ఆ తాళంచెవిని ఒక చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు నా పాస్‌ఫ్రేజ్‌తో మరో తాళం వేసినట్టు ఉంటుంది ఏర్పాటు. ఆ పెట్టెనే కీ స్లాట్ అంటారు. 2004లో క్లెమెన్స్ ఫ్రూవిర్త్ రూపొందించిన లక్స్ పద్ధతి ఇది. మొదటి రూపంలో 8 స్లాట్లు ఉండేవి, లక్స్2లో 32 దాకా పెట్టుకోవచ్చు. పాస్‌ఫ్రేజ్ నుంచి స్లాటు తెరిచే దాకా ఆర్గాన్2ఐడీ అనే లెక్క నడుస్తుంది. అది కావాలనే సమయాన్నీ, వందల మెగాబైట్ల మెమరీనీ తినేలా తయారైంది. నాకు ఎప్పుడో ఒకసారి రెండు క్షణాలు పోతే నష్టం లేదు. కోట్ల పాస్‌ఫ్రేజ్‌లు ఒకదాని వెంట ఒకటి ప్రయత్నించేవాడికి అదే అడ్డుగోడ.

ఇందులో నాకు మరీ నచ్చిన పనితనం ఇంకొకటి ఉంది. ఆ 64 బైట్లను స్లాటులో ఉన్నవి ఉన్నట్టు రాయకుండా, 4000 రెట్లు చేసి, 2,56,000 బైట్లుగా పరిచి రాస్తారు. వాటిలో కొద్ది భాగం చెరిగిపోయినా తాళంచెవి తిరిగి రాదు. డిస్కులు చెడిన సెక్టార్ల బదులు వేరే సెక్టార్లు వాడుకుంటూ పాత ముక్కలను ఎక్కడో మిగిల్చేస్తాయి గనుక, ఒక స్లాటును రద్దు చేస్తే అది నిజంగా రద్దు కావాలన్న ఉద్దేశంతో చేసిన ఏర్పాటు అది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే, మా నెట్‌వర్క్ చూసే కుర్రాడు "ఇంత తిప్పలెందుకన్నా, టీపీఎం ఉన్న మెషీన్ పెట్టేస్తే దానంతట అదే తెరుచుకుంటుంది కదా" అన్నాడు. అతను అన్నది నిజమే. లినక్స్‌లో మిగతా ప్రోగ్రాములను లేపి నడిపే సిస్టమ్‌డీకి 2021లో వచ్చిన 248వ వెర్షన్ నుంచి ఆ ఏర్పాటు ఒక్క ఆదేశంతో అయిపోతుంది. టీపీఎం అనే మదర్‌బోర్డులోని చిప్, బూట్ అయ్యే తీరు మారలేదని చూసుకుని తాళంచెవి ఇస్తుంది. వారంటీ డిస్కు విషయంలో అది సరిపోతుంది కూడా. కానీ పెట్టెను పెట్టెగా ఎత్తుకుపోతే చిప్ కూడా వెంటే పోతుంది. ఎక్కడ ప్లగ్ పెడితే అక్కడ డిస్కు తెరుచుకుని లాగిన్ దాకా వచ్చి నిలబడుతుంది. నెలకు ఒకటి రెండుసార్లు నాకు పడే శ్రమకు అది సరైన మారకం అనిపించలేదు. అయితే నా పద్ధతికీ ఒక లొసుగు ఉంది: బూట్ విభాగం బాహాటంగా ఉంది కాబట్టి, ఇంట్లోకి రాగలిగినవాడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మార్చి, నేను కొట్టే పాస్‌ఫ్రేజ్‌ను దాచి ఉంచుకోవచ్చు. 2009లో యొహానా రుట్‌కోవ్‌స్కా దీనికి ఈవిల్ మెయిడ్ అని పేరు పెట్టింది. అమ్మ ఫొటోల కోసం అంత శ్రమ పడేవాడు ఉంటాడని నేను నమ్మను. నేనే ల్యాప్‌టాప్‌తో ప్రయాణాలు చేసేటప్పుడు మాత్రం లెక్క వేరు.

రాత్రి ఇంటికి వచ్చాక, చాలాకాలంగా అనుకుంటున్న పని ముగించాను. నాకేదైనా అయితే ఆ డిస్కును తెరవగలిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని కాకినాడలో ఉన్న అక్కకు వీడియో కాల్ చేసి, తన పేరున మరో స్లాటు చేర్చాను. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే గుర్తుంటుందని నేను చెప్పినప్పుడు, "దీర్ఘానికి రెండు ఎ-లా, ఒక ఎ-యా?" అని అడిగింది. మంచి ప్రశ్న. వాట్సాప్‌లో ఒకరోజు ఒకలాగా, మరొకరోజు మరొకలాగా రాసే మనం డిస్కు దగ్గర మాత్రం ఒకే పద్ధతికి కట్టుబడాలి. పాచికలు వేసి నిఘంటువులోంచి ఎంచిన ఆరు మాటలను, కొట్టవలసిన అక్షరాలతో సహా తను ఒక కాగితం మీద రాసి, బీరువా లాకరులో పెట్టుకుంది. నేను ఆ కాగితాన్ని ఫొటో తీసి పంపనివ్వలేదు.

స్లాటు చేర్చాక, ఆ స్లాట్లన్నీ ఉండే హెడర్ అనే భాగాన్ని మళ్ళీ బ్యాకప్ చేశాను. డిస్కులో తాళం వేసిన విభాగం మొదట్లో ఉండే ఆ 16 మెగాబైట్లు పాడైతే, పాస్‌ఫ్రేజ్ ఎంత బాగా గుర్తున్నా ఉపయోగం ఉండదు. పాత బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్‌ను చెరిపేశాను. ఎందుకంటే రేపు నా పాస్‌ఫ్రేజ్ మార్చుకున్నా, పాత హెడర్‌లో పాత పాస్‌ఫ్రేజ్ పనిచేస్తూనే ఉంటుంది, లోపలి తాళంచెవి అదే కాబట్టి డిస్కు తెరుచుకుంటుంది. కొత్త బ్యాకప్ కాపీ ఒకటి నా దగ్గర ఉంది, రెండోది అక్కకు పంపాలి. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ కూడా ఆర్డరు పెట్టాను. వచ్చే వారం వీధి చివర ఎలక్ట్రీషియన్ వచ్చి బిగిస్తాడని అమ్మకు చెప్పాను, ఆ రోజు సర్వరు ఆగి మళ్ళీ లేస్తుంది కాబట్టి అతను వచ్చే వేళ ముందుగా నాకు ఫోన్ చేయమన్నాను.