చిప్‌లో బుడగ పడితే కణాలు దక్కవు

బెజవాడ ఎండల్లో ఆర్గాన్-ఆన్-చిప్ (కాలేయం లాంటి అవయవం కణాలను సన్నటి కాలువల్లో పెంచే చిన్న చిప్) తయారుచేసేవాళ్లు ముందు పీడీఎంఎస్‌తో (చిప్‌ను పోతపోసే సిలికాన్ రబ్బరు) జాగ్రత్తపడాలి. 10 పాళ్ల బేస్‌కి 1 పాలు క్యూరింగ్ ఏజెంట్ (దాన్ని గట్టిపరిచేది), తూచి కలపాలి. ఏసీ లేని గదిలో మే నెలలో ఆ మిశ్రమం తొందరగా చిక్కబడిపోతుంది. కలిపిన వెంటనే డెసికేటర్‌లో (మూత బిగించి గాలి తీసేసే పాత్ర) పెట్టి గాలి లాగేయండి. లాటెక్స్ గ్లోవ్స్ అస్సలు వద్దు, నైట్రైల్‌వే వాడండి. లాటెక్స్‌లోని గంధకం పీడీఎంఎస్‌ను గట్టిపరిచే ప్లాటినం ఉత్ప్రేరకాన్ని చెడగొడుతుంది, తగిలినచోట జిగురు జిగురుగానే ఉండిపోతుంది.

అసలు పేచీ అంతా బుడగలతోనే. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియాను (కణాలకు ఆహారమిచ్చే ద్రవం) నేరుగా ఎక్కిస్తే, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది. అంత సన్నటి కాలువలో ఒక్క బుడగ కదిలినా చాలు, కణాల పొరను చీపురుతో ఊడ్చినట్టు లేపేస్తుంది. అందుకే మీడియాను ముందే వెచ్చబెట్టి, వ్యాక్యూమ్‌లో గాలి తీసి ఎక్కించాలి. ట్యూబు గుచ్చేటప్పుడు ఇన్‌లెట్ మీద ఒక బొట్టు ఉబ్బెత్తుగా నిలవాలి, ట్యూబు కొసన ఇంకో బొట్టు వేలాడాలి. రెండూ కలిశాకే లోపలికి నొక్కండి. కరెంటు పోయినా ప్రవాహం ఆగకుండా, మీడియాను నెట్టే సిరంజి పంపుకి యూపీఎస్ తప్పనిసరి.

ఇంకోటి. నీళ్లలో సరిగా కరగని మందుల్ని పీడీఎంఎస్ తనలోకి పీల్చేసుకుంటుంది. బయటికొచ్చిన మందు తగ్గిందని, అదంతా కాలేయ కణాల పనేనని రాసేయకండి; కణాల్లేని చిప్‌లోనూ అదే మందు పంపి కొలవండి.