స్పెయిన్ ట్రిప్‌కి ఊళ్లు ఎలా ఎంచుకున్నాం, గ్రనాడాలో ఏం జరిగింది

స్పెయిన్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే వివరాలు మర్చిపోకముందే రాస్తున్నాను. చారిత్రక నగరాలు చూడాలని విదేశాలకు బయల్దేరేవాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు గ్రనాడా భాగమైనా పూర్తిగా చదవండి.

వెళ్లింది ముగ్గురం. నేను, మా ఆయన, మా అమ్మ. తొమ్మిది రాత్రులు, అక్టోబరు మొదట్లో. వేసవిలో కార్డోబా, సెవిల్ వైపు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ నెలల జోలికే పోలేదు. వీసాకి పెద్దగా ఇబ్బంది పడలేదు. ఉండేదంతా ఒకే దేశంలో కాబట్టి ఎక్కడ అప్లై చేయాలన్న గొడవ లేదు, 30,000 యూరోల ఇన్సూరెన్స్, హోటల్ బుకింగులు, బ్యాంకు కాగితాలు ఇచ్చాం, వచ్చేసింది.

అసలు గొడవ ఊళ్ల దగ్గర మొదలైంది. మొదటి లిస్టులో పదకొండు ఊళ్లున్నాయి. బార్సిలోనా, మాడ్రిడ్, టొలెడో, సెగోవియా, ఆవిలా, సలమాంకా, మెరిదా, కార్డోబా, సెవిల్, గ్రనాడా, వలెన్సియా. తొమ్మిది రాత్రుల్లో పదకొండు ఊళ్లు! మేం మాట్లాడిన ఏజెంటు అయితే దీన్ని చూసి ఏమాత్రం తడుముకోకుండా "అయిపోతాయి మేడమ్, బస్సులో కవర్ చేసేద్దాం" అన్నాడు. కార్డోబాకి రెండు గంటలు ఇచ్చాడు. వెయ్యేళ్ల కిందట పశ్చిమ యూరప్‌లోనే అతి పెద్ద నగరాల్లో ఒకటైన ఊరికి, భోజనంతో కలిపి రెండు గంటలు. కవర్ చేయడం అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఊరు చూడటానికి వెళ్తామా, హాజరు వేయించుకోవడానికి వెళ్తామా?

ఆ ప్లాన్ చూసి అమ్మ ఒకే మాట అంది. "ఇన్ని ఊళ్లు చూస్తే వచ్చాక నాకు ఒక్కటీ గుర్తుండదే. ఒకే కథ చెప్పే ఊళ్లు చూపించు చాలు." ఆ ఒక్క మాటతో లిస్టు సగం తేలిపోయింది. పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటే కథ ఇలా కుదిరింది. ముస్లిం రాజ్యాల చేతిలోంచి క్రైస్తవ రాజుల చేతికి 1085లో టొలెడో పోయింది, 1236లో కార్డోబా, 1248లో సెవిల్, చివరికి 1492 జనవరి 2న గ్రనాడా. నాలుగు ఊళ్లు, నాలుగు వందల ఏళ్ల కథ. పైగా రైలు దారి కూడా దాదాపు అదే వరసలో ఉంది. ఈ దారం దొరికాక మిగతావి తీసేయడం తేలికైంది.

తేలికంటే నాకు తేలిక. మా ఆయన సెగోవియా కోసం పట్టుబట్టాడు. రోమన్లు సున్నం, సిమెంటు ఏదీ లేకుండా గ్రానైట్ రాళ్లు పేర్చి 28 మీటర్ల ఎత్తున కట్టిన నీటి వంతెన అక్కడ ఇప్పటికీ నిలబడి ఉంది, మాడ్రిడ్ నుంచి హైస్పీడ్ రైల్లో అరగంట కూడా పట్టదు, నిజమే. కానీ ఆ అరగంటలు కలుపుకుంటూ పోతేనే కదా పదకొండు ఊళ్లయింది! బార్సిలోనా తీసేసినందుకు చుట్టాల్లో మాకు మాట పడింది. "బార్సిలోనా చూడకుండా స్పెయిన్ వెళ్లొచ్చామని ఎలా చెప్పుకుంటారు" అన్నారు. చెప్పుకోవడానికి వెళ్లట్లేదు అన్నాను. ఈ విషయంలో నేను చేసింది నూటికి నూరు పాళ్లూ సరైనదే, ఇప్పటికీ అదే అంటాను.

చివరికి మాడ్రిడ్ రెండు రాత్రులు, టొలెడో ఒకటి, కార్డోబా రెండు, గ్రనాడా రెండు, సెవిల్ రెండు. రైళ్లు, హోటళ్లు అన్నీ నేనే బుక్ చేశాను, ఒక్కటి కూడా తప్పు పోలేదు. ఏజెంటుకి ఇచ్చింది ఒకే ఒక్క పని. గ్రనాడాలోని అల్హంబ్రా కోట టికెట్లు.

ఎందుకిచ్చానంటే, నేను హోటళ్లన్నీ ఖాయం చేసుకుని తీరిగ్గా అల్హంబ్రా అధికారిక సైట్ తెరిచేసరికి మా తేదీలకు టికెట్లు లేవు. ప్రయాణం ఇంకా మూడు వారాలుంది. అంత ముందే అయిపోతాయని నాకు తెలియదు. కొండ మీద కోట, తోటలు, రాజప్రాసాదాలు అన్నీ కలిపి అల్హంబ్రా, కానీ అందరూ చూడాలనుకునేది గ్రనాడాని ఏలిన చివరి ముస్లిం వంశం నస్రిద్ రాజుల ప్రాసాదాలు, సింహాల ప్రాంగణం ఉన్నది అక్కడే. ఆ ప్రాసాదాల్లోకి మాత్రం టికెట్ మీద రాసిన సమయానికే వెళ్లాలి, టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు చూపించాలి. ఏజెంటుకి ఫోన్ చేస్తే "అల్హంబ్రా నాది గ్యారంటీ మేడమ్, మీరు టెన్షన్ పడకండి" అన్నాడు. మర్నాడే మూడు పీడీఎఫ్‌లు వచ్చాయి. పేర్లు సరిగ్గా ఉన్నాయి, పాస్‌పోర్టు నంబర్లు సరిగ్గా ఉన్నాయి, తేదీ సరిగ్గా ఉంది. పైన పెద్ద అక్షరాలతో అల్హంబ్రా అని ఉంది. కింద స్పానిష్‌లో ఏదో లైను ఉంది. ఆ లైను నేను చదవలేదు.

టొలెడో, కార్డోబా గురించి విడిగా రాస్తాను, ఇక్కడ రాస్తే తెగదు. రెండు మాటలు మాత్రం. టొలెడోని మాడ్రిడ్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయొచ్చని అందరూ చెబుతారు, వినకండి, ఒక రాత్రి ఉండండి. టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ సందుల్లో నడిస్తేనే అది మూడు వైపులా టాగస్ నది చుట్టుకున్న పాత రాజధాని అని తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు భయపడక్కర్లేదు, కొండ కింది నుంచి పాత ఊళ్లోకి ఎస్కలేటర్లు ఉన్నాయి. కాకపోతే అక్కడి నుంచి కార్డోబాకి నేరుగా హైస్పీడ్ రైలు లేదు, మళ్లీ మాడ్రిడ్ అటోచా స్టేషన్‌కి వచ్చి ఎక్కాలి. ఇక కార్డోబా మసీదులో, ఎరుపు తెలుపు పట్టీల జంట తోరణాల కింద, 856 స్తంభాల మధ్య అమ్మ గంటన్నర తిరిగింది. మధ్యలో 16వ శతాబ్దంలో ఇరికించిన చర్చిని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఏజెంటు ప్లాన్ ప్రకారం ఈపాటికి మేం బస్సెక్కి ఉండాలి.

ఇక గ్రనాడా.

పొద్దున తొమ్మిదింటికల్లా కొండ మీద ఉన్నాం. మొదటి గేటు దగ్గర టికెట్ చూపిస్తే మెషిన్ ఆకుపచ్చ లైటు వేసింది. హెనెరలీఫె తోటలు చూశాం, నీటి కాలవలు చూశాం, పాత కోట బురుజు ఎక్కాం. అమ్మ ఓపిక దాచుకుంటూ మెల్లగా నడిచింది, "సింహాలు ఇంకా ఎంత దూరం" అని రెండుసార్లు అడిగింది. పదకొండున్నరకి నస్రిద్ ప్రాసాదాల లైన్లో నిలబడ్డాం. అరగంట నిలబడ్డాం. మా వంతు వచ్చింది, మెషిన్ ఎర్ర లైటు వేసింది.

అక్కడున్న అమ్మాయి మళ్లీ పెట్టింది, మళ్లీ ఎరుపు. మా ఆయన టికెట్, నా టికెట్, అన్నీ ఎరుపే. ఆమె స్పానిష్‌లో ఏదో చెప్పింది, మాకు అర్థం కాలేదు. అప్పుడు చిన్నపిల్లలకి చెప్పినట్టు ఒక్కో మాటా ఇంగ్లిష్‌లో చెబుతూ, నేను చదవని ఆ లైను మీద వేలు పెట్టి చూపించింది. హార్డినెస్, హెనెరలీఫె ఇ అల్కసాబా. తోటలు, హెనెరలీఫె, కోట. అంతే. ప్రాసాదాలు లేవు. టికెట్ దొంగది కాదు, అసలైనదే. ప్రాసాదాలు లేని టికెట్ అని ఒక రకం విడిగా అమ్ముతారు, అది ఇది. అందరికీ కావలసిన టికెట్ అయిపోయాక మిగిలేది ఇదే. ఏజెంటు మాకు అంటగట్టింది అదే.

వెనక జనం ఉన్నారు. ఎవరో గట్టిగా నిట్టూర్చారు, ఇంకెవరో పక్క నుంచి తోసుకుని ముందుకొచ్చారు. అమ్మకి ఏం జరుగుతోందో తెలియదు. పాస్‌పోర్టు చూడలేదేమో అనుకుని, బ్యాగులోంచి తీసి, ఫోటో ఉన్న పేజీ తెరిచి ఆ అమ్మాయి వైపు చాపింది. ఆమె తల అడ్డంగా ఊపి, చేత్తో పక్కకి జరగమంది. అమ్మ పాస్‌పోర్టు అలాగే పట్టుకుని పక్కకి జరిగి, నా మొహం చూసింది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె ఉద్యోగం ఆమె చేసింది. కానీ ఆ నిమిషం నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది. నెలల తరబడి ఊళ్లు తీసేసి, కూడి, ఈ గుమ్మం కోసం కట్టిన ప్రయాణం అది.

ఏజెంటుకి ఫోన్ చేశాం. "అల్హంబ్రా టికెట్ అడిగారు మేడమ్, అల్హంబ్రా టికెట్టే ఇచ్చాను. లోపలికి వెళ్లారు కదా" అన్నాడు. ప్రాసాదాలు లేవని ఎందుకు చెప్పలేదంటే, "టికెట్ మీద రాసే ఉంది కదా" అన్నాడు. తెలిసి, దాచి, పైగా రాసే ఉంది కదా అనడం! మనిషి నమ్మకంతో ఒక పని అప్పజెబితే ఆ పనిలో ఏది లేదో ముందు చెప్పడం కనీస ధర్మం. అది కూడా చెయ్యనివాడు ఏ పేరు పెట్టుకుని వ్యాపారం చేసినా మోసగాడే.

పక్కనే చక్రవర్తి ఐదో చార్లెస్ కట్టించిన ప్యాలెస్ ఉంది, 1527లో మొదలుపెట్టారు, బయట చదరం, లోపల గుండ్రటి ప్రాంగణం. దానికి టికెట్ అక్కర్లేదు. అక్కడ రాతి మీద కూర్చున్నాం. మా ఆయన "పోనీలే, రేపు పొద్దున సెవిల్ రైలుంది కదా, వెళ్లిపోదాం" అన్నాడు. అమ్మ "నా కోసం ఆగొద్దు బాబూ" అంది. నాకు మాత్రం కదలబుద్ధి కాలేదు. నస్రిద్ ప్రాసాదాలకు రాత్రి సందర్శన విడిగా ఉంటుంది, దానికి టికెట్ కూడా వేరు. ఫోన్లో అధికారిక సైట్ తెరిచి మర్నాటి రాత్రికి చూస్తూ కూర్చున్నాను. ఒక టికెట్ కనిపిస్తుంది, నొక్కేలోపు పోతుంది. ఎవరైనా రద్దు చేసుకుంటే మళ్లీ వస్తుంది. అలా రెండు గంటలు. ఛార్జింగ్ పన్నెండు శాతానికి వచ్చింది. రెండున్నరకి మూడు టికెట్లు ఒకేసారి కనిపించాయి. మా ఆయన పాస్‌పోర్టు నంబర్లు చదువుతుంటే నేను కొట్టాను. వచ్చాయి. "పలాసియోస్ నసారియెస్" అనే రెండు మాటలు ఉన్నాయో లేదో ముగ్గురం విడివిడిగా చదివి చూసుకున్నాం. మీరూ ఆ రెండు మాటలే వెతకండి.

అంటే సెవిల్‌లో ఒక రాత్రి పోయింది. అక్కడి హోటల్ డబ్బు వెనక్కి రాదు, రైలు టికెట్లు మార్చుకోవడానికి వేరే కట్టాం. అయినా ఇక్కడ ఒక్క క్షణం కూడా సందేహించలేదు. ఏ ఊరు చూడాలన్నది ఇంట్లో కూర్చుని ఒకసారి తేల్చేసే విషయం అనుకున్నాను, ఆ రాతి మీద మళ్లీ తేల్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడైతే వరస పూర్తిగా మారుస్తాను. సమయం కట్టేసిన టికెట్ ఏ ఊళ్లో ఉందో ముందు చూడాలి, అది చేతిలో పడ్డాకే తేదీలు, హోటళ్లు. నేను ఉల్టా చేశాను, హోటళ్లు ముందు కట్టి అల్హంబ్రా చివర చూశాను.

అదనంగా దొరికిన పగలు ఊళ్లో రాయల్ చాపెల్‌కి వెళ్లాం. గ్రనాడాని గెలిచిన రాణి ఇసబెల్లా, ఆమె భర్త రాజు ఫెర్డినాండ్ సమాధులు అక్కడే ఉన్నాయి. పైన పాలరాతి శిల్పాలు, మెట్లు దిగితే కింద సాదా సీసపు పెట్టెలు. టొలెడోలో సామ్యూల్ హలేవి కట్టించిన యూదుల ప్రార్థనా మందిరం అమ్మకి బాగా నచ్చింది. యూదులు దేశం విడిచిపోవాలన్న శాసనం మీద 1492 మార్చి 31న ఇదే గ్రనాడాలో వీళ్లిద్దరే సంతకం చేశారని చెప్పాను. "అక్కడ ఖాళీ చేయించింది వీళ్లేనా" అని ఆ పెట్టెల వైపు చాలాసేపు చూసింది. పదకొండు ఊళ్లు చుట్టి ఉంటే ఈ ప్రశ్న వచ్చేదా?

రాత్రి ప్రాసాదాల్లోకి వెళ్లాం. మెషిన్ ఆకుపచ్చ లైటు వేసేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. లోపల దీపాలు తక్కువ, జనం తక్కువ. గోడ నిండా "అల్లా తప్ప విజేత లేడు" అని అదే వాక్యం, వందలసార్లు, సున్నపు చెక్కడంలో. సింహాల ప్రాంగణంలో అమ్మ పన్నెండు సింహాలనూ వేలుతో లెక్కపెట్టింది, రెండోసారి కూడా లెక్కపెట్టింది. ఆ చుట్టూ 124 సన్నటి పాలరాతి స్తంభాలున్నాయంటే అవి లెక్కపెట్టే ఓపిక లేదంది. ఒక స్తంభం పక్కన గోడకి ఆనుకుని ఇరవై నిమిషాలు నిలబడింది, కాళ్లు నొప్పులని ఒక్కసారి కూడా అనలేదు.

సెవిల్‌కి ఒక్క రోజే మిగిలింది. అల్కాసర్ అనే రాజప్రాసాదం, కెథెడ్రల్ రెండూ కుదరవు, ఒకటే. కెథెడ్రల్ ఎంచుకున్నాం, ఎందుకంటే కార్డోబానీ సెవిల్‌నీ గెలిచిన మూడో ఫెర్డినాండ్ (ఇసబెల్లా భర్త కాదు, అంతకు చాలా ముందటి రాజు) సమాధి అక్కడుంది, కథ పూర్తవుతుంది. కెథెడ్రల్ పక్కనున్న హిరాల్డా గోపురానికి దాదాపు పైదాకా మెట్లు కాకుండా ఏటవాలు దారి ఉంది, పాత రోజుల్లో గుర్రం మీద ఎక్కేందుకు అలా కట్టారని చెబుతారు. అమ్మ ఆగి ఆగి పైదాకా ఎక్కింది. అల్కాసర్ చూడలేకపోయాం, ఆ బాధ ఉంది.

డబ్బు తిరిగిమ్మని ఏజెంటుకి నిన్న మూడో మెయిల్ పెట్టాను. టికెట్ల తేడాతో పాటు సెవిల్ హోటల్ రాత్రి, రైలు మార్పు కూడా లెక్క రాసి, బిల్లులు జతచేశాను. దానికి సమాధానం లేదు కానీ, ట్రిప్ ఎలా జరిగిందో రివ్యూ రాయమని వాళ్ల ఆఫీసు నుంచి ఇవాళ పొద్దున మెసేజ్ వచ్చింది. పైన గ్రనాడా గురించి రాసిందంతా అక్కడ యథాతథంగా పెట్టాను.