ఆఫీసు దగ్గర్లోనే కౌన్సెలింగ్ కావాలంటే

థెరపిస్టు ఎంత మంచివారైనా, రానూపోనూ గంటన్నర పడితే నాలుగో వారానికల్లా ఏదో సాకు దొరుకుతుంది. అందుకే ముందు దూరం చూడండి. నడిచి 15 నిమిషాలైతే మేలు.

సెషన్ మామూలుగా 45–50 నిమిషాలు. లంచ్ టైంలో కానిచ్చేయొచ్చనిపిస్తుంది గానీ, ఏడ్చిన కళ్లతో నేరుగా మీటింగ్‌లో కూర్చోలేం కదా! తర్వాత ఓ 20 నిమిషాలు ఖాళీ ఉంచుకోండి. సాయంత్రం స్లాట్లు త్వరగా నిండిపోతాయి, పొద్దున్నే ఉన్నాయేమో అడగండి.

చదువు, లైసెన్సు, ఫీజు, రద్దు నియమం (చాలాచోట్ల 24 గంటల ముందు చెప్పాలి) ఫోన్లోనే కనుక్కోండి. వెళ్లాక వెయిటింగ్ రూంలో కాసేపు చెవి పెట్టండి. లోపలి మాటలు వినిపిస్తున్నాయంటే రేపు మీవీ వినిపిస్తాయి.

నాలుగు సెషన్లయినా మనసు విప్పలేకపోతుంటే, ఆ సంగతే వాళ్లతో అనండి. వేరొకరి పేరు చెప్పమని అడగడం తప్పేం కాదు.